బంగారు పువ్వు – లేని సంతకం

నిర్మల్ చిత్రాన్ని గోడమీద చూస్తాం. నల్లని నేలమీద బంగారు వన్నె పూలతీగ. "ఎంత బాగుంది!" అంటాం. "ఎవరు వేశారు?" అని అడగం. పూలబొమ్మల చరిత్ర రాయదలచినవాళ్లు ఆ అడగని ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

హాలెండులో రాచెల్ రూయిష్ (1664–1750) జీవితమంతా పూలనే చిత్రించింది. పదిమంది పిల్లల్ని కన్నది. 1708లో డ్యూసెల్‌డార్ఫ్ ప్రభువుకు ఆస్థాన చిత్రకారిణి అయింది. 83వ ఏట వేసిన పూలబొమ్మ మీద తన పేరుతో పాటు వయస్సు కూడా రాసుకుంది. ఆమె ప్రతిభను నేను తక్కువ చేయను. కాని ఓడల వర్తకంతో బలిసిన అక్కడి నగరవర్గం సంతకానికి కూడా వెల కట్టింది. అందుకే ఆ సంతకం నిలిచింది.

2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన నిర్మల్‌లో నకాషీల పని కులవృత్తి. తేలికైన పొణికి కర్రను చెక్కడం, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి పూయడం, ఆకుపసరుతో బంగారు వన్నె తేవడం తరతరాలుగా చేతినుంచి చేతికి వచ్చిన విద్య. నైజాం నిర్మల్‌కు వచ్చినప్పుడు వారు చేసిన అరటిపువ్వు ఆయన తలపైన విచ్చుకొని బంగారు రేకులు రాల్చిందని ఒక కథ ఉంది. కథలో ప్రభువున్నాడు, పువ్వుంది. పువ్వు చేసినవాడి పేరు లేదు.

అదే నిర్మల్‌లో 1860లో రాంజీ గోండును, ఆయన వెంట వెయ్యిమందిని ఒకే మర్రికి ఉరితీశారని జనం చెప్పుకుంటారు. ఆ మర్రికి 'వెయ్యి ఉరుల మర్రి' అనే పేరు. నాయకుని పేరు దక్కింది, తక్కినవారు అంకెగా మిగిలారు. పనివాణ్ణీ తిరుగబడ్డవాణ్ణీ దర్బారు చరిత్ర ఒకే తీరున చూసింది.

దర్బారు పోయాక ఏమైంది? నకాషీలను హైదరాబాదుకు పిలిపించి ఆదరించిన లేడీ హైదరీ పేరు ఈ కళ గురించి రాసే ప్రతివారూ చెబుతారు. ఆ ఆదరణ మేలు చేసింది, నిజమే. అయినా చరిత్రలోకి ఎక్కింది పోషకురాలే. 1955లో నిర్మల్‌లో సహకార సంఘం ఏర్పడి పనివాళ్లను ఒకచోట చేర్చింది. పసరు రంగుల స్థానంలో డూకో రంగులు వచ్చాయి. ఈ శతాబ్దంలో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. అది ఊరి పేరును కాపాడుతుంది, మనిషి పేరును కాదు. కరీంనగర్ వెండి తీగపనికీ ఇదే గుర్తింపు ఉంది, అక్కడా ఇదే కొరత.

'జానపద కళ' అన్న మాటతో మనం కూడా ఈ అనామకత్వాన్ని సహజమైనదిగా ఒప్పుకుంటున్నాం. సాహిత్య విద్యార్థులను నేను కోరేది ఒక్కటే. నిర్మల్ పూలతీగ మీద వ్యాసం రాసేటప్పుడు దాన్ని వేసినవాని పేరు, ఎవరి దగ్గర నేర్చాడు, ఆ బొమ్మకు ఎంత కూలి ముట్టింది అన్న మూడు సంగతులు రాయండి. అలంకారాల చర్చ ఆ తర్వాత చేద్దాం.