తాళంచెవి చేతులు మారిన తీరం

వేల్స్ పడమటి తీరంలో సెలవులకు కాటేజీ తీసుకున్నవారిని ఇవాళ చాలాచోట్ల గుమ్మంలో పలకరించే మనిషి ఉండడు. తలుపు పక్కన గోడకు చిన్న ఇనప్పెట్టె ఉంటుంది. ఫోనుకు వచ్చిన అంకెలు తిప్పితే అందులోంచి తాళంచెవి బయటపడుతుంది. యజమాని మాంచెస్టర్‌లో ఉండొచ్చు, లండన్‌లో ఉండొచ్చు. ఈ తీరం చరిత్రను రాజుల వరసలో కాకుండా, ఆ తాళంచెవి ఏ కాలంలో ఎవరి దగ్గరుందో చూసుకుంటూ వస్తే చాలా సంగతులు తేటపడతాయి.

పద్దెనిమిదో శతాబ్దం సగం గడిచేదాకా సముద్రమంటే చేపలు, సరుకులు, ప్రమాదాలు. బెస్తవాళ్లు కెరటాల వైపు కిటికీ పెట్టాలని కోరుకోలేదు, గాలికి వీపు తిప్పి ఇల్లు కట్టుకున్నారు. లీన్ ద్వీపకల్పంలో రాతి గోడలు, కెరెడిగియన్‌లో మట్టి గోడలు. కింద ఒకటి రెండు గదులు, పైన నిచ్చెనెక్కి పడుకునే అటక. ఊరి ఉమ్మడి భూమిలో రాత్రికి రాత్రి ఇల్లు లేపి, తెల్లవారేసరికి పొగగొట్టంలోంచి పొగ రప్పిస్తే ఆ చోటు సొంతమవుతుందని జనం నమ్మేవారు. చట్టం ఆ మాట ఒప్పుకోలేదు. నమ్మకం మాత్రం తరాలపాటు నిలిచింది.

సముద్రస్నానం ఆరోగ్యానికి మంచిదని వైద్యులు చెప్పడం మొదలయ్యాక సంపన్నుల రాక మొదలైంది. పెంబ్రోక్‌షైర్‌లోని టెన్‌బీ అప్పటికి వెలవెలబోయిన పాత రేవు. దాన్ని లేవనెత్తినవాడు విలియం పాక్స్టన్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ టంకశాలలో పనిచేసి, ఏజెన్సీ వ్యాపారంలో గడించి తిరిగొచ్చిన ఈ పెద్దమనిషి అక్కడ స్నానశాల కట్టించి 1806లో తెరిచాడు. బెంగాల్‌లో పోగైన సొమ్ము వేల్స్ విహారానికి పెట్టుబడి కావడం మన చరిత్ర పుస్తకాల్లో అరుదుగా కనిపించే ముక్క. అదే కాలంలో, 1793 నుంచి 1815 దాకా, ఫ్రాన్సుతో దాదాపు ఎడతెగని యుద్ధం. యూరప్ దారులు మూసుకుపోవడంతో దొరలు బొమ్మలు గీసుకునే పుస్తకాలు చంకన పెట్టుకుని వేల్స్ కొండల మీద పడ్డారు. వాళ్లు దిగింది సత్రాల్లో. కాటేజీ వాళ్లకు బొమ్మలో ఓ మూలకు పనికొచ్చే వస్తువు మాత్రమే.

తర్వాత రైలు వచ్చింది. 1864లో అబెరిస్త్‌విత్‌కు, 1867లో పుల్‌హెలీకి చేరింది. థామస్ సావిన్ అనే రైలు గుత్తేదారు అబెరిస్త్‌విత్‌లో కోటలాంటి హోటలు తలపెట్టి, టికెట్టు, బస కలిపి అమ్మాలని చూశాడు. 1866లో దివాలా తీశాడు. ఆ కట్టడాన్ని పది వేల పౌండ్లకు కొని 1872లో కాలేజీ తెరిచారు. వేల్స్ విశ్వవిద్యాలయానికి తొలి గూడు ఓ విఫలమైన సెలవుల వ్యాపారం.

అసలు కథ నడిచింది రైలు వెళ్లని ఊళ్లలో. లీన్ ఉత్తర తీరంలోని నెవిన్ అలాంటిదే. పట్టాలు పుల్‌హెలీలోనే ఆగిపోయాయి. ఊరి చిహ్నం మీద మూడు హెర్రింగ్ చేపలుంటాయి. శరదృతువులో వచ్చే ఆ చేపల గుంపులు ఒక దన్ను, ఓడ ఉద్యోగాలు రెండో దన్ను. ఇక్కడి మగపిల్లలు చిన్నవయసులోనే తెరచాప ఓడలెక్కి, కొందరు కెప్టెన్లై కేప్ హార్న్ చుట్టి వచ్చేవారు. భర్త నెలల తరబడి నీటి మీద ఉంటే ఇల్లు, పద్దులు, పిల్లలు అన్నీ ఇల్లాలి చేతిలోనే. వేసవి అతిథులకు గదులిచ్చే పద్ధతి ఇలాంటి ఊళ్లలో వేళ్లూనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ముందుగదులు అతిథులకిచ్చి, కుటుంబం వెనకున్న చిన్న ఇంట్లోకో అటక మీదకో సర్దుకునేది. మాంసం, కూరలు వచ్చినవాళ్లే కొని తెచ్చేవారు, వండిపెట్టడం ఇంటావిడ పని. లివర్‌పూల్, మాంచెస్టర్ కుటుంబాలు బడి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చినట్టు ఏటా అదే ఇంటికి వచ్చేవి. వంటింట్లో వెల్ష్, ముందుగదిలో ఇంగ్లీషు. తాళంచెవి ఇంటావిడ కొంగునే ఉండేది, ఎవరైనా తలుపుకు తాళం వేస్తే.

దీన్ని స్వర్ణయుగమని నేననను. తన ఇంట్లో తానే వెనక్కి జరిగి పడుకోవడం హాయి కాదు. 1859 అక్టోబరు తుఫాను లాంటివి ఈ ఊళ్లకు కొత్తా కాదు: ఆంగ్లెసీ తీరంలో రాయల్ చార్టర్ అనే ఓడ బద్దలై 400 మందికి పైగా పోయారు, పెంబ్రోక్‌షైర్‌లోని కుమ్-అర్-ఎగ్లువిస్‌లో సముద్రం చర్చిని మింగగా ఒక గోడ మిగిలింది. ఓడలు లేనిరోజు, చేపలు రానిరోజు కడుపు నింపింది ఆ ముందుగది అద్దే. మొదటి ప్రపంచయుద్ధం నాటికి తెరచాప ఓడలు పోయాయి, హెర్రింగ్ కూడా తగ్గిపోయింది. అతిథులు మాత్రం పెరిగారు. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక 1947లో, నౌకాదళ శిక్షణకు కట్టిన స్థావరాన్నే పుల్‌హెలీ దగ్గర బట్లిన్స్ విడిదిగా మార్చారు. ఫ్యాక్టరీ కార్మికుడు కూడా సముద్రం చూశాడు.

1950ల తర్వాత లెక్క మారింది. కార్లు పెరిగాయి, చిన్న రైలు మార్గాలు మూతపడ్డాయి. పొలం పనుల్లోకి యంత్రాలు వచ్చాయి, రాతి గనులు ఒక్కొక్కటే ఆగాయి, కుర్రకారు లివర్‌పూల్‌కో ఇంకా దూరానికో తరలింది. చెమ్మెక్కిన కాటేజీలు చవకగా అమ్మకానికొచ్చాయి. ఇదివరకటి అతిథి కొనుగోలుదారుడయ్యాడు. తాళంచెవి సరిహద్దు దాటింది. అమ్మినవాణ్ణి తప్పుపట్టలేం, కొన్నవాడు దొంగా కాదు. అయినా వీధిలో శీతాకాలం దీపం వెలిగే ఇళ్లు తగ్గిపోయాయి.

ఈ ఇళ్లపై రగిలిన కోపానికి పూర్వరంగం ఉంది. 1936లో వెల్ష్ జాతీయవాది సాండర్స్ లూయిస్, మరో ఇద్దరు లీన్‌లోని పెనిబెర్త్‌లో వైమానిక దళపు బాంబింగ్ శిక్షణ కేంద్రానికి నిప్పుపెట్టి, స్వయంగా పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పారు. కార్నార్వాన్ జ్యూరీ తీర్పు తేల్చలేకపోతే కేసును లండన్‌కు మార్చి తొమ్మిది నెలల జైలు వేశారు. 1965లో లివర్‌పూల్ నీటికోసం కాపెల్ కెలిన్ గ్రామాన్ని ముంచేశారు. ఆ మంటా ఈ నీళ్లూ గుర్తున్న తరంలోంచే ‘మెయిబియన్ గ్లిన్‌దూర్’ అనే రహస్య బృందం పుట్టింది. 1979 డిసెంబరులో నెవిన్ ప్రాంతంలో మొదలై, 1990ల మొదటి దాకా రెండు వందలకు పైగా దాడులు జరిగాయి, ఎక్కువగా సెలవుల ఇళ్లే తగలబడ్డాయి. లీన్‌లోని అబర్‌దారోన్‌లో 1967 నుంచి 1978 దాకా పాదిరీగా ఉన్న కవి ఆర్.ఎస్. థామస్, కవిత్వం ఇంగ్లీషులో రాస్తూనే, ఆ కోపాన్ని బహిరంగంగా సమర్థించి చాలామందిని ఇబ్బందిపెట్టాడు. నిప్పువల్ల ఇంటి ధరలు తగ్గలేదు. ఒక్క కాటేజీ అయినా ఆ ఊరి యువజంటకు దక్కిందని చెప్పలేం.

అంతకంటే ఎక్కువ సాధించింది నెవిన్‌కు కొన్ని మైళ్ల దూరంలోని ఓ పాడుబడ్డ లోయ అని నా అభిప్రాయం. రాతి గని మూతపడి, 1959లో చివరి కుటుంబం వెళ్లిపోయిన నాంత్ గుర్‌థెయిర్న్‌ను 1978లో కార్ల్ క్లౌస్ అనే వైద్యుడి చొరవతో ఒక ట్రస్టు కొన్నది. కూలివాళ్ల ఇళ్లు బాగుచేసి వెల్ష్ భాష నేర్పే కేంద్రంగా మార్చింది. బయటివాళ్లు అక్కడా బస చేస్తారు, అద్దె ఇస్తారు. వచ్చిన పని మాత్రం ఆ నేల మాట నేర్చుకోవడం. 1901లో వేల్స్ జనంలో దాదాపు సగం మందికి వచ్చిన భాష 2021 జనాభా లెక్కల్లో 17.8 శాతానికి దిగింది. లీన్ ఉన్న గ్వినెద్‌లో ఇంకా 64 శాతం మాట్లాడతారు. కాటేజీల గొడవ ఇక్కడే ఎందుకు మండిందో ఈ అంకెలే చెబుతాయి.

కరోనా కాలంలో విదేశాలకు పోలేని జనం మళ్లీ ఈ తీరానికే వచ్చారు, నెపోలియన్ కాలంలో వచ్చినట్టే. ధరలు ఎగిశాయి. లీన్‌లోని అబర్‌సోక్‌లో ఇసుక మీది చెక్క గుడిసె లక్షన్నర పౌండ్లకు పైగా పలికింది. అదే ఊరి ప్రాథమిక పాఠశాలలో పదిమంది పిల్లలు కూడా లేక 2021 డిసెంబరులో మూసేశారు.

ఇప్పుడు అగ్గిపుల్ల చోట పన్ను వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి రెండో ఇళ్లపై 300 శాతం దాకా అదనపు పన్ను వేసే అధికారం స్థానిక మండళ్లకు దక్కింది. గ్వినెద్ 150 శాతం వేసింది. సెలవుల ఇల్లు వ్యాపారంగా లెక్కకు రావాలంటే ఏడాదిలో 182 రాత్రులు అద్దెకు పోవాలన్నారు. అంతకుముందు 70 చాలేవి. అక్టోబరు దాటాక గాలివానల్లో ఎవరొస్తారు? దుప్పట్లు తానే మార్చుకునే రైతు కుటుంబానికీ, ఏడాదికోసారి వచ్చి చూసుకునే నగరవాసికీ ఒకే కొలత పెట్టడం నాకు న్యాయంగా తోచలేదు. స్థానికులే గోల పెట్టారు, కొన్ని రకాల ఇళ్లకు అదనపు పన్ను నుంచి మినహాయింపు దొరికింది. 2025లో వేల్స్ శాసనసభ మరో చట్టం చేసింది: కావాలనుకున్న మండలి కాటేజీల అతిథులనుంచి మనిషికి రాత్రికి 1.30 పౌండ్లు వసూలు చేసుకోవచ్చు, బస ఇచ్చేవారంతా ప్రభుత్వ జాబితాలో పేరు రాయించుకోవాలి. ఇంతకాలం ఆ జాబితా లేకుండానే వాదులాట సాగింది, ఎవరి లెక్క వారిదిగా.