మన బోర్డింగు పొయ్యిలు – వ్రాయబడని చరిత్ర

నూరేండ్ల చరిత్ర వ్రాయ కూర్చున్నప్పుడు మనము మొదట దేవాలయములను లెక్కించుదుము. పిమ్మట పాఠశాలలను, ఆసుపత్రులను, బిషప్పులను, గురువులను తలంచుకొందుము. ఇది న్యాయమే. అయితే ఆ పాఠశాలల వెనుక, తాటాకు పాకలో తెల్లవారకముందే వెలిగిన పొయ్యి సంగతి మన రిపోర్టులలో కానవచ్చుట అరుదు. మన పిల్లల చదువు నిలిచినది పలకాబలపముల వలన మాత్రమే కాదు, ఆ పొయ్యి మీద ఉడికిన జొన్న గటక వలన కూడ. ఈ సంచికలో ఆ పొయ్యికి కొంత చోటు ఇయ్యవలెనని మా కోరిక.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కథీడ్రల్‌లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో భారతీయుడు బిషప్పు అగుట అదే మొదలు. ఆయనకు అప్పగింపబడిన డోర్నకల్ డయోసిస్‌లో ఎక్కువమంది కూలినాలి చేసుకొని బ్రతుకు పల్లె జనులు. మాల పల్లెల నుండియు మాదిగ గూడెముల నుండియు పిల్లలు మన బోర్డింగులకు వచ్చిరి. ఒకరి యింట ఒకరు నీళ్లైనను త్రాగని దినములవి. అట్టి యిండ్ల పిల్లలు ఒకే గుండిగలో వండినది ఒకే వరుసలో కూర్చుండి తినుట చిన్న సంగతి కాదు. ప్రభువు బల్ల యొక్క అర్థము ఆ వరుసలో వారికి దినదినము బోధింపబడినది.

ఆ గుండిగలోనికి గింజలు ఎక్కడినుండి వచ్చెను? మన తల్లులు వంటకు బియ్యము కొలుచునప్పుడెల్ల ఒక పిడికెడు తీసి దేవునికని వేరు కుండలో వేసెడివారు. తమకే చాలని యింట నుండి తీసిన పిడికెడది. సంఘము తన కాళ్ల మీద తాను నిలువవలెనని అజరయ్య గారు నేర్పిన పాఠములో ఆ పిడికెడు బియ్యము ఒక భాగము.

పిడికెడు బియ్యము సంగతి మనము నేటికిని ప్రసంగములలో చెప్పుకొనుచున్నాము. అయితే ఆ బియ్యమును వండిన స్త్రీల కండ్లు ఏమైనవో ఎవరు చెప్పుకొనిరి? మూడు రాళ్ల పొయ్యిలో కట్టె పూర్తిగా కాలదు. గాలి చాలక, మంట చెదరి, కాలవలసిన వాయువులు పొగయై గదిలో నిండును. వేడిలో ఎక్కువ భాగము గుండిగకు అందక ప్రక్కలకు పోవును. ఊదుగొట్టము పట్టుకొని ఏండ్ల తరబడి ఆ పొగలో కూర్చున్న తల్లికి దగ్గు, ఆయాసము, కంటిపొర వచ్చుటలో ఆశ్చర్యము లేదు. ఆ పాకలోనే ఆమె చంటిబిడ్డ కూడ పండుకొనియుండును.

ఈ బాధను గమనించినవారిలో హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు ముఖ్యులు. ఆ పరిశోధనాలయము పేరనే ఆ పొయ్యికి ‘హెర్ల్ పొయ్యి’ అని పేరు వచ్చినది. కోట్లాది జనులకు పొగలేని వంటశాలలు అను అర్థము వచ్చు పేరుతో ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకమును 1953లో మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీవారు ప్రచురించిరి. వేదవ్యాఖ్యానములు అచ్చువేయు సంస్థ పొయ్యిని గూర్చిన పుస్తకమును అచ్చువేయుట మనము గుర్తుంచుకొనదగినది. ఆయన పొయ్యికి ఖరీదైన వస్తువులు అక్కరలేదు. మట్టితో కట్టిన పొయ్యిలో మంట ఒక గుండిగ క్రింద నుండి మరియొక గుండిగ క్రిందికి సాగి, మిగిలిన పొగ గొట్టము ద్వారా కప్పు పైకి పోవును.

పిమ్మట 1980ల మొదట భారత ప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిల జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. 2002లో అది ముగియులోగా దేశమంతట మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టబడెను. వానిలో అనేకము కొద్ది ఏండ్లలోనే మూలబడెను. గొట్టములో మసి పేరుకొన్నప్పుడు తీయువారు లేరు. పగులు వచ్చినప్పుడు మెత్తువారు లేరు. వండు స్త్రీని అడుగకయే కట్టినవి మరికొన్ని. పొయ్యి కట్టినవారు లెక్క వ్రాసుకొని పోయిరి, వండువారు మరల మూడు రాళ్లు పేర్చుకొనిరి.

ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనమే పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చినది. మన రాష్ట్రములో అది 2003 జనవరిలో ఆరంభమైనది. మా పాస్టరేటులోని ఒక పల్లె బడిలో వంట చాలకాలము చెట్టు క్రింద, రాళ్ల మీదనే జరిగెను. వానవచ్చిన దినమున పిల్లలు అన్నము కొరకు కాచుకొని కూర్చుండెడివారు. ఒక వేసవి సెలవులలో మన యౌవనస్థులు అక్కడ శ్రమదానముగా పొయ్యి కట్ట పూనుకొనిరి. స్త్రీల మైత్రివారు వారికి అన్నము తెచ్చిరి. తాపీమేస్త్రీ ఒకరు కూలి తీసికొనక వచ్చిరి. ఊరి కుమ్మరి పెద్ద మన సంఘస్థుడు కాకపోయినను మట్టి ఎంచిపెట్టెను.

మొదటి దినమున ఇటుక పెట్టక ముందే వంట చేయు అమ్మ తన గుండిగను మోసికొని వచ్చి నేల మీద పెట్టినది. “అయ్యగారూ, ముందు నా గుండిగ కొలిపించండి, తర్వాత ఇటుక పెట్టించండి. నేను నిలబడి తెడ్డు తిప్పాలి” అన్నది. ఆమె మాట ప్రకారమే కొలతలు నిర్ణయింపబడెను. పుట్టమన్ను, ఇసుక, ఊక, పేడ కలిపి త్రొక్కి రెండు దినములు నాననిచ్చిరి. మంట తగులు చోట సిమెంటు పగులును గనుక లోపలంతయు మట్టితోనే మెత్తిరి. గాలి క్రిందినుండి అందుటకు ఇనుప జాలీ వేసిరి. అన్నము గుండిగ ముందు, పప్పుచారు గిన్నె వెనుక, దాని వెనుక రేకుల కప్పు దాటి పైకి లేచు పొగగొట్టము. గొట్టము మొదట ఒక ఇటుకను వట్టి మట్టితో అమర్చిరి. దానిని ఊడదీసి మసి తీయవచ్చును. నీడలో ఆరనిచ్చి, తరువాత చిన్న పుల్లలతో మాత్రమే కొన్ని దినములు కాచిరి.

ఆ ఇటుకయే అన్నిటికంటె ముఖ్యమైనదని మా అభిప్రాయము. మసి తీయుట, పగుళ్లు మెత్తుట ఆ అమ్మకు, ఆమె తోడి స్త్రీకి నేర్పబడెను. నెలకొకసారి ఒక శనివారము యౌవనస్థులు పోయి కప్పు పైన గొట్టమును చూచిరావలెనని సంఘ కమిటీ మినిట్సులో వ్రాయబడెను.

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ ఒడ్డున తానే నిప్పు రాజవేసి, రాత్రంతయు శ్రమపడిన శిష్యులకు చేపలు, రొట్టె సిద్ధపరచెను. పేతురునకు మందను అప్పగించుట ఆ భోజనము తరువాతనే జరిగినది. కాబట్టి వంట పనిని సువార్త పని కంటె తక్కువగా ఎంచుటకు మనకు అధికారము లేదు.

ప్రియ సంఘస్థులారా, ప్రతి పాస్టరేటులోను పాత బోర్డింగులలో వండిన తల్లులను ఎరిగిన పెద్దలు ఇంకను ఉన్నారు. వారిని అడిగి ఆ పేర్లు సంఘ రిజిస్టరులో వ్రాయుడి. గ్యాసు వచ్చిన చోట దేవునికి స్తోత్రము. ఇంకను కట్టెలతోనే వండుచున్న బడి మీ పల్లెలో ఉన్నయెడల ఒక దినము అక్కడికి పోయి, వండు అమ్మ ప్రక్కన కొంతసేపు కూర్చుండి, ఆమెకు ఏమి కావలెనో అడిగి రండి.