ఇంపాలా

ఇంపాలా అంటే ఆఫ్రికా జింక. పేరు జులూ భాషది. భయపడితే ఒక్క గెంతులో పది మీటర్లు దాటేస్తుంది. 17 అడుగులకు పైబడిన ఇనుప కారుకి ఈ సన్నకాళ్ల జంతువు పేరేమిటో! జనరల్ మోటార్స్ వాళ్లు 1956లో ఒక ప్రదర్శన కారుకి మొదట ఈ పేరు పెట్టారు. 1958లో వాళ్ల షెవర్లే బెల్ ఎయిర్ కార్లలో అన్నిటికన్నా ఖరీదైన రకం పేరయింది. మరుసటేడు వేరు కాపురం పెట్టింది.

గెంతే జింక బొమ్మ కారు మీద ఉన్నా, జనం ఇంపాలాని పోల్చుకున్నది వెనక దీపాలతో. చవక రకాలకు పక్కకి రెండేసి, దీనికి మూడేసి. (1959 మోడల్‌ది పిల్లికన్ను దీపం, దాని దారి వేరు.) అసలు జింకకీ వెనక మూడు నల్లచారలుంటాయి. కావాలని చేశారనుకోను.

1965లో ఒక్క ఏడాదే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఆ ఏడాదే కాప్రిస్ అనే మరో షెవర్లే రకం వచ్చి నెత్తిన కూర్చోవడంతో ఇంపాలా మధ్యతరగతిలోకి దిగింది. కింద బెల్ ఎయిర్, బిస్కేన్. తర్వాత్తర్వాత ఇంపాలా టాక్సీ, పోలీసు బండి కూడా అయింది. మధ్యలో రెండుసార్లు ఆగి, 2020లో తయారీ ముగిసింది.

పేరుకి న్యాయం చేసింది మాత్రం కంపెనీ కాదు, లాస్ ఏంజెలెస్ మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్లు. 1964 ఇంపాలాకి హైడ్రాలిక్ పంపులు బిగించి, మీట నొక్కి, ముందు చక్రాలు గాల్లోకి లేచేలా నిజంగానే గెంతించారు.