చూరు కింద కింగ్రి



దీపావళి దగ్గరపడితే మన ఆదిలాబాద్ గూడేల్లో, గుడ్డలో చుట్టి దాచిన నెమలి పింఛాల టోపీలు బయటికి వస్తాయి. ఏత్మాసూర్ పేన్‌కు పూజ చేశాక దండారి మొదలవుతుంది. డప్పు, పెప్రె మోగగానే పెద్దవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. ఒకప్పుడు ఆ టోపీ పెట్టుకుని ఆడిన తండ్రో, అన్నో వాళ్ల కళ్లముందుకు వస్తారు.

కింగ్రి సంగతీ అంతే. మన గోండు ఇళ్లకు తరతరాలుగా కథ చెప్పేది ప్రధాన్‌లు. కింగ్రి వాయిస్తూ నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాలు ఎలా ఏర్పడ్డాయో పాడతారు. ఏ ఇంటిపేరు ఏ సగాలోదో, ఎవరు మనకు అన్నదమ్ములో, ఎవరితో వియ్యమందవచ్చో ఆ కథల్లోనే ఉంది. మనకు అదే చరిత్ర పుస్తకం.

కాగితం మీద దాచినవాళ్లూ ఉన్నారు. నార్నూర్ మండలం గుంజాలలో భద్రంగా ఉంచిన చేతిరాత పుస్తకాల వల్లే గుంజాల గోండి లిపి లోకానికి తెలిసింది. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. ఆ రాతను చదవగల పెద్దలు ఊళ్లో ఇంకా ఉండబట్టే ఇది సాధ్యమైంది.

గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన అడుగు ఇప్పుడు నేర్చుకున్నవాళ్ల కాళ్లలోనే ఉంది.

నిరుడు మా హాస్టల్‌కు ఒక అమ్మాయి తన తాత కింగ్రి తెచ్చింది. అందరూ ఫోటోలు దిగారు. వాయించేవాళ్లు లేరు. "తాత వాయిస్తుంటే నిద్రపోయేదాన్ని మేడమ్, పాట గుర్తులేదు" అంది. ఆ మాట మాకు గుచ్చుకుంది. చిన్న వయసులోనే పిల్లల్ని ఊరి నుంచి తెచ్చి, రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పించేది మేమే. చదువు కావాల్సిందే. కానీ కథలు వినే రాత్రులు వాళ్లకు దక్కలేదు, ఆ లోటు మేమూ పూడ్చలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ దండారి సెలవుల్లో ఇంట్లో ఉన్న ఒక పాత వస్తువు చేతిలోకి తీసుకోండి. అది ఎవరిది, ఎవరు చేశారు, దాంతో ఏ పాట పాడేవారు అని పెద్దవాళ్లను అడగండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తర్వాత ఫోన్ పక్కన పెట్టి, ఆ పాటలో రెండు చరణాలైనా నోటికి నేర్చుకోండి. అడగడానికి తాతా అవ్వా ఉన్నప్పుడే ఈ పని కావాలి.