ఉదజని కలిసిన సహజవాయువు – దాని వెనకటి కథ



పొయ్యిలో పచ్చికట్టె పెడితే ఒకపట్టాన అంటుకోదు, పొగ చిమ్ముతుంది. కింద నాలుగు ఎండు చితుకులు వేస్తే కట్టె కూడా మండుతుంది. ఇంజనుకు పోసే సహజవాయువులో ఉదజనిని, అంటే హైడ్రోజన్‌ను, కలపడంలోని కిటుకు ఇదే.

ఇది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1807లో స్విట్జర్లండు ప్రాంతపు ద రివాజ్ ఉదజనితో నడిచే ఇంజనుకు పేటెంటు పొందాడు. అది వాడుకలోకి రాలేదు. ఆ తరువాత 1860లో పారిస్‌లో లెన్వార్, 1876లో జర్మనీలో ఒట్టో తయారుచేసిన ఇంజన్లు నిలదొక్కుకున్నాయి. వాటికి వేసిన మేత ఏమిటి? అప్పటి వీధిదీపాలలో మండిన బొగ్గువాయువు. గాలి తగలకుండా రాతిబొగ్గును కాల్చి తీసిన ఆ వాయువులో దాదాపు సగం ఉదజని, సుమారు మూడోవంతు మీథేను. కొంత విషవాయువు కూడా ఉండేది.

తరువాత భూగర్భంలోంచి సహజవాయువు వచ్చింది. అది చాలావరకు మీథేనే. శుభ్రమైనదే గాని, మంట నెమ్మదిగా పాకుతుంది. గాలి ఎక్కువైతే సరిగా అంటుకోక, మండని వాయువు పొగగొట్టంలోంచి వృథాగా పోతుంది.

1990 దశకంలో అమెరికాలోని కొలరాడోలో సహజవాయువుకు కొంత ఉదజని కలిపి బండ్లు నడిపి చూశారు. ఆ మిశ్రమానికి ‘హైథేన్’ అని పేరు. ఉదజని మంట చురుకైనది. అందుచేత గాలి ఎక్కువగా ఇచ్చినా ఇంజను నిలకడగా నడుస్తుంది, మండని వాయువు తగ్గుతుంది. అయితే సిలిండరు మరీ వేడెక్కితే నత్రజని ఆక్సైడులు పెరుగుతాయి. గాలి మోతాదు, నిప్పురవ్వ పడే వేళ సరిచేసుకోవాలి.

మన దేశంలో 1998లో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులను సహజవాయువుకు మార్చమన్నది. 2020లో అక్కడి రాజ్‌ఘాట్ డిపోలో 18 శాతం ఉదజని మిశ్రమంతో 50 బస్సులను పరీక్షకు పెట్టారు.

ఇక లెక్క చూద్దాం. ఉదజని మహా తేలిక. కొలతలో ఐదోవంతు ఉన్నా, శక్తిలో దాని వాటా 7 శాతమే. అంటే పొగగొట్టం దగ్గర బొగ్గుపులుసు వాయువు తగ్గేదీ సుమారు అంతే. పైగా ఢిల్లీలో ఆ ఉదజనిని సహజవాయువు నుంచే తీశారు. అలా తీసేచోటనే బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. ఎండ, గాలి ఇచ్చే కరెంటుతో నీటిని విడగొట్టి తీస్తే ఆ బెడద ఉండదు.

గోబర్ గ్యాసుతో ఇంజను నడిపే సోదరులకు ఒక్క మాట. అందులోనూ మండేది మీథేనే కదా అని ఇంటి దగ్గర ఉదజని కలిపి చూడకండి. అది సన్నని సందులోంచి జారుతుంది, చిన్న రవ్వకే అంటుకుంటుంది, పట్టపగలు దాని మంట కంటికి ఆనదు.

ఎవరైనా కొత్త ఇంధనం గురించి చెబితే పొగగొట్టం చూసి తృప్తిపడకండి. అది ఎక్కడ, ఎలా పుట్టిందో అడగండి. విత్తనం కొనేటప్పుడు మనం అడిగేది అదే కదా!