గడువు ముంచుకొచ్చిన వేళ: అరుణ్ కొలాట్కర్

మిగిలిన కాలమెంతో వ్యాధి కొలిచి చూపినపుడు కళాకారుడు ఏమి చేస్తాడు? మరాఠీ, ఆంగ్ల భాషలు రెండింటా కవిత్వం చెప్పిన అరుణ్ కొలాట్కర్ జీవితంలో ఈ ప్రశ్నకు ఒక సమాధానం లభిస్తున్నది.

కొల్హాపురంలో జన్మించి, బొంబాయి జె. జె. కళాశాలలో చిత్రకళ అభ్యసించిన ఆయనకు వాణిజ్య ప్రకటనల రూపకల్పన వృత్తి. తెలంగాణ మల్లన్నతో ఏకరూపుడని భక్తులు భావించే ఖండోబా క్షేత్రం వస్తువుగా, 1976లో 'జెజూరి' గ్రంథరూపం ధరించింది. 1977లో మరాఠీ సంపుటి వెలువడింది. అటుపై పాతికేళ్లు వ్రాస్తూనే ఉన్నా, కొత్త గ్రంథమేదీ పాఠకులకు అందలేదు.

2003లో 'చిరీమిరీ', 'భిజకీ వహీ' వచ్చాయి. 2004లో 'కాలా ఘోడా పొయెమ్స్', 'సర్పసత్ర' అనే ఆంగ్ల కావ్యాలు వెలువడేనాటికి జఠర కాన్సరు ఆయనను కృశింపజేసింది. అయినా ఆ పుటలలో రోగి మూలుగు వినిపించదు. హోటలు బల్ల వద్ద కూర్చుండి, చిత్రకారుని కంటితో ఏళ్ల తరబడి పరికించిన బొంబాయి కూడలి కనిపిస్తుంది: కాకులు, వీథికుక్క, కాలిబాట కాపురాలు, ఇడ్లీలకై గుమికూడిన పేదలు. నన్నయ ఆదిపర్వం ద్వారా మనమెరిగిన జనమేజయుని యాగమే 'సర్పసత్ర' వస్తువు. ఒకరి నేరానికి జాతినంతటినీ దహించే పగను కవి అందులో నిలదీశారు.

పూనాలో చివరి వారాలలో సైతం, మరొక సంపుటిలో చేర్చవలసిన కవితలను గూర్చి మిత్రుడు అరవింద్ కృష్ణ మెహ్రోత్రాతో చర్చించారు. 2004 సెప్టెంబరు 25న కన్నుమూశారు. 'భిజకీ వహీ'కి 2005లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ చివరి సంపుటి 'ది బోట్‌రైడ్' 2009లో వచ్చింది.

తొందర ఎరుగని కవి, గడువు ముంచుకొచ్చినపుడు తన వ్రాతలను లోకం చేతిలో పెట్టి వెళ్లారు. ఆ నిబ్బరాన్నే మేము శ్రోతలకు గుర్తు చేయదలచాము.