గ్రామఫోను రికార్డులపై చెక్కిన సంతకాలు

గ్రామఫోను తొలినాళ్ళలో కొందరు గాయకులు, వాద్యకారులు రికార్డు మూలఫలకం మీదే సూదిమొనతో సంతకం చేసేవారు. గాడి ముగిసే చోటికీ లేబులుకూ మధ్య మిగిలిన నున్నటి పట్టీలో ఇవి కనిపిస్తాయి. సిరా సంతకం ఒక్క ప్రతికే పరిమితం. ఇది మాత్రం ఆ మూసలోంచి వచ్చిన ప్రతి రికార్డు మీదా ఉంటుంది.

గ్రామఫోను కనిపెట్టిన ఎమిల్ బెర్లినర్ 1890ల్లో అమెరికాలో అమ్మిన 7 అంగుళాల రికార్డులకు కాగితపు లేబులే లేదు. జింకు పలక మీద పలచగా పూసిన మైనాన్ని సూది గీసుకుంటూ పోయేది. గీత పడినంత మేర ఆమ్లం లోహాన్ని తినేస్తే గాడి ఏర్పడేది. పాట పేరు, పాడినవారి పేరు, తేదీ నడుమనున్న ఖాళీలో చేత్తో రాసేవారు. కొన్నింటి మీద కళాకారుల సంతకాలూ ఉన్నాయి. ప్రతులు మొదట గట్టి రబ్బరుతోనూ తర్వాత షెల్లాక్‌తోనూ తయారయ్యాయి. షెల్లాక్ మరేదో కాదు, లక్కే.

1900 ప్రాంతంలో బెర్లినర్‌కు యంత్రాలు తయారుచేసిన ఎల్డ్రిడ్జ్ జాన్సన్ మైనపు పలకనూ కాగితపు లేబులునూ వాడుకలోకి తెచ్చాక చేత్తో పేరు రాయాల్సిన పని తప్పింది. అయినా సంతకం పోలేదు. మిలాన్‌లో 1904లో మొదలైన ఫోనోటిపియా కంపెనీ దాన్ని తన ప్రత్యేకతగా చేసుకుంది. అలెస్సాండ్రో బోన్చి వంటి ఒపేరా గాయకులు, వయొలిన్ విద్వాంసుడు యాన్ కుబెలిక్ ఈ కంపెనీకి రికార్డులిచ్చారు. వీటిలో చాలా వాటి మీద కళాకారుల సంతకం చెక్కి ఉంటుంది. ‘ఇది నా పాటే’ అని కొనేవారికి ఇచ్చిన భరోసాగా దీన్ని చూడవచ్చు. కానీ మైనపు పలకను ఒక్కసారి వాయించినా గాడి పాడైపోయి అచ్చుకు పనికిరాదు. అంటే ఆ పలక మీద సంతకం చేసేనాటికి గాయకుడు తన పాట ఎలా వచ్చిందో విననేలేదు!

అదే 1904లో ఒపేరా గాయని నెల్లీ మెల్బా రికార్డుకు గ్రామఫోన్ కంపెనీ లేత ఊదారంగు లేబులు వేసి, దాని మీద ఆమె సంతకం నకలును అచ్చొత్తించి, ఒక గినీకి అమ్మింది. సూదిమొన పని అచ్చుయంత్రానికి అప్పగించడమిది. మన దేశంలో సంతకం గొంతులోనే వినిపించింది. 1902లో కలకత్తాలో రికార్డులిచ్చిన గాయని గౌహర్ జాన్ పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పేది.

పాత రికార్డులు కొనేవారు దీపం కింద పట్టీని కాస్త వాల్చి చూడాలి. చేతిరాత లోపలికి దిగి ఉంటే అది మైనం మీదో, దాని నుంచి తీసిన లోహపు ప్రతి మీదో రాసినది. అక్షరాలు పైకి ఉబ్బి ఉంటే మూస మీద ఎవరో తిరగేసి చెక్కినవి, అక్కడ కళాకారుడి చేయి ఉండే అవకాశం తక్కువ. చెక్కిన సంతకం అసలైనదే అయినా అన్ని ప్రతుల మీదా ఉండేదే కాబట్టి, దాన్ని ‘స్వయంగా సంతకం చేసిన ప్రతి’ అని ఎక్కువ ధర చెప్పేవారి మాట నమ్మి మోసపోవద్దు.